యోనాకు పదమూడు నిండాయి

మా ఆవిడ సెల్మా ట్రాముల షెడ్డులో వైరింగు పని చేస్తుంది. పుట్టింది దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో. నల్లటి యూదురాలు. వాళ్ళ ఊళ్ళో అదేం వింత కాదు. పెళ్ళయ్యాక మేం ముందు ఆంట్వెర్ప్‌లో కాపురం పెట్టాం. అక్కడ ప్రార్థనకు వెళ్ళిన మొదటి శనివారమే ఒక పెద్దావిడ పనిమనిషనుకుని సెల్మాకు వంటగది దారి చూపించింది. సెల్మా వెళ్ళి, ఒక కేకు ముక్క తిని, తిరిగొచ్చి ఆవిడ పక్కనే కూర్చుంది.

మూడేళ్ళకు ఆమ్‌స్టర్‌డామ్ వచ్చేశాం. సైకిళ్ళ కొట్టు పై అంతస్తులో ఉన్న చిన్న మందిరంలో మాకు ఎదురొచ్చి స్వాగతం చెప్పారు. ఎందుకో తర్వాత తెలిసింది. మా ప్రార్థనకు పదమూడు నిండిన మగవాళ్ళు పదిమంది ఉండాలి. అక్కడున్నది ఎనిమిదిమంది. నాతో తొమ్మిది. సెల్మా చంకలో ఏడాది పిల్లాడు యోనా.

"వదినా, వీడికి బాగా పెట్టి పెంచు. పదమూడు నిండితే మా పదోవాడు వీడే" అన్నాడు మందిరం పెద్ద బారెండ్.

ఆ మాటతో సెల్మా తన ఊరి నుంచి తెచ్చుకున్న పెట్టె పూర్తిగా ఖాళీ చేసి అటక మీద పెట్టించింది.

బారెండ్‌కి ప్రతి శుక్రవారం మా ఇంట్లోనే భోజనం. "ఇంకో నాలుగేళ్ళు వదినా. అందాకా నేను చావను."

"మీరు పోతే ఎనిమిదవుతారు. కదలకండి, ఇంకో చేపముక్క వెయ్యనా?"

యోనా పదమూడో పుట్టినరోజుకి రెండు నెలలుందనగా రుబెన్ అనే ఆయన మా వీధిలో దిగాడు. పదిమందీ అయ్యారు. మరుసటి వారమే మందిరం నుంచి ఉత్తరం. యోనాను లెక్కలోకి తీసుకోవాలంటే తల్లి యూదురాలని రుజువు కావాలట, అమ్మమ్మ పెళ్ళిపత్రం పంపాలట. కింద మొదటి సంతకం బారెండ్‌ది.

ఇక నా ఘనకార్యం. మండిపడాల్సినవాణ్ణి, బీరువా వెతికాను. సెల్మా పని నుంచి రాగానే, "మీ పిన్నికి ఓసారి రాసి చూడరాదూ? ఒక్క కాగితమే కదా" అన్నాను.

"పదిహేనేళ్ళ కాపురం. నీకూ కాగితం కావాలా?"

"నాక్కాదు, వాళ్ళకి."

"మరి ఆ ఉత్తరం పట్టుకుని నా ముందు నిలబడింది ఎవరు?"

నేను వెళ్ళి బంగాళాదుంపల చెక్కు తీశాను. సగం దుంప చెక్కుతోనే పోయింది.

యోనాకు పదమూడు నిండిన వారం, శనివారం పొద్దున, ఎవరో తలుపు బాదారు. మా విశ్రాంతి దినాన కరెంటు ముట్టకూడదని మావాళ్ళు బెల్లు నొక్కరు. బారెండ్, రొప్పుతూ.

"సాల్, రుబెన్‌కి జ్వరం. పిల్లాణ్ణి తీసుకుని రా. కాగితం సంగతి తర్వాత చూద్దాం."

నా వెనకనుంచి సెల్మా అంది: "కాగితం లేకుండా ఎలా అన్నయ్యా? పైవాడు అడిగితే ఏం చెప్తారు?"

"అది కాదు వదినా, రుబెన్ పట్టుబట్టాడు కాబట్టి..."

"మొదటి సంతకం రుబెన్‌దా?"

బారెండ్ తన బూట్లు చూసుకున్నాడు. కొత్త కోటు తొడుక్కుని గుమ్మం దాకా వచ్చేసిన యోనా నా మొహం చూశాడు.

"వాడు రాడు. నేనూ రాను" అన్నాను.

బారెండ్ ఒక్కో మెట్టే దిగి వెళ్ళాడు.

సెల్మా ఒక మంచి మాట అంటుందని ఆశపడ్డాను. అబద్ధమెందుకు, బాగా ఆశపడ్డాను. ఆమె వంగి యోనా టై వదులు చేసింది.

"ఈ మాట రెండు నెలలు ఆలస్యం" అని, రెండు కంచాల్లో కూర వడ్డించింది. నా కంచం నేనే తెచ్చుకున్నాను.