నథానియేలు గారి రెండో డిస్కు

మా ద్వారకా ఫ్లాట్లలో నథానియేలు గారికి ఒక్కటంటే నమ్మకం లేదండి. ఏదైనా రెండుండాలి. చేతికి రెండు వాచీలు, జేబులో రెండు కళ్ళజోళ్ళు. చర్చికొచ్చినా సంచిలో రెండు బైబిళ్ళు.

"ఒకటి పోతే?" అంటారు.

"సంచే పోతేనో అన్నయ్యా?" అన్నాను.

"అచ్ఛా" అని మర్నాడు రెండు సంచులేసుకొచ్చారు.

వాళ్ళావిడ సరళకుమారి వదినేమో, "పెళ్ళి ఒక్కటే చేసుకున్నారు, అదే పదివేలు" అంటుంది.

కంప్యూటర్లోనూ అంతే. సరుకంతా దాచుకునే హార్డు డిస్కంటారే, అది రెండు. చర్చిలో తాను పాడిన పాటలన్నీ ఒకదాంట్లో, మళ్ళీ అవే రెండోదాంట్లో.

మా వెనకగదిలో అద్దెకుండే ఎల్సా నర్సు, గుడివాడ పిల్ల. వాళ్ళ ఆసుపత్రిలో పనంతా కంప్యూటర్లోకి మార్చేశారు. నెలాఖరుకి పరీక్ష, తప్పితే ఉద్యోగం ఊడినట్టే. ఈ పిల్లకేమో మౌసు పట్టుకుంటే చేతులు వణుకు. ఎప్పుడో సైబర్ కేఫ్‌వాడు "క్యా కర్ దియా మేడమ్" అని, ఏదో పాడుచేసేసినట్టు అరిచాడట, అప్పట్నుంచీ ఇంతే.

ఈ సంగతి నథానియేలు గారి చెవినేశాను. మర్నాడు వెళ్తే కంప్యూటరు డబ్బా విప్పుకుని కూర్చున్నారు.

"ఏంటన్నయ్యా ఇది?"

"కంప్యూటర్ని నడిపించే సాఫ్ట్‌వేరులోనూ ఒక్క రకాన్ని నమ్మలేం సరోజా. ఆ డిస్కులో లైనక్సుంది. ఈ డిస్కులో విండోసు ఎక్కిస్తున్నా. ఆన్ చేస్తే ఏది కావాలో అదే అడుగుతుంది."

"మరి ఆ లైనక్సు డిస్కు వైరు పీకేశారేం?"

"తోటికోడళ్ళమ్మా. ఒకదానికి చీర కొనేటప్పుడు రెండోదాన్ని పుట్టింటికి పంపాలి."

ఎల్సాని విండోసు ముందు కూర్చోబెట్టి, "ఇది నీదే, దున్నేయ్" అన్నారు. దున్నేసింది. ఏది తుడిచిందో ఏమో, తెర నల్లగా అయిపోయింది.

"అంకుల్, చంపేశాను" అని ఒకటే ఏడుపు.

ఆయన ఆపి, మళ్ళీ ఆన్ చేసి, లైనక్సు నొక్కారు. ఆయన పాట గొంతెత్తుకుని వచ్చింది.

"విన్నావా? ఇది బతికే ఉంది. చచ్చినదాన్ని ఆదివారం లేపుదాం. ఆదివారం లేవడం మనకి కొత్త కాదుగా."

పిల్ల ఏడుస్తూనే నవ్వింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చంపిందో, ఈయన ఎన్నిసార్లు లేపారో లెక్కలేదు. మెల్లిగా చేతుల వణుకు పోయింది. పరీక్ష నెగ్గి లడ్డూలు పట్టుకొచ్చింది.

లడ్డూ తింటుంటే వంటింట్లో వదిన నా చెవిలో, "ఆయనకి విండోసెందుకు సరోజా? ఆసుపత్రిలో అదే వాడతారని, ఆ పిల్ల కోసం రెండో డిస్కులో పాటలన్నీ తుడిచేశారు. ఇప్పుడవి ఒక్కదాంట్లోనే ఉన్నాయి" అంది.

ఒక్కదాంట్లో. ఈయన.

ఉండబట్టలేక వెళ్ళి అడిగేశాను. "అన్నయ్యా, భయం లేదూ?"

"ఎందుకు లేదూ? రోజూ కుటుంబ ప్రార్థనలో ముందు ఆ డిస్కు పేరే చెప్తున్నా." గొంతు తగ్గించారు. "ఎవరితోనూ అనకు. రేపట్నుంచి ఇంకో ఇద్దరు నర్సమ్మలు వస్తున్నారు. పాపం, తెలిస్తే మౌసు ముట్టుకోరు."