మూసేసిన వాకిలి, రొద్దం అవ్వ చేతికట్టె

దయ్యాల కథలు మొదలైతే మా ఇంట్లో ముందు నన్ను బయటికి పంపేవారు. మా అమ్మ జిన్నుల గురించి చెబుతుంటే, "ఆ జిన్నును హిందూపురం బజారులో చూసినోళ్ల పేరు చెప్పు" అని అడ్డం పడేవాణ్ణి. ఇప్పటికీ అంతే, నమ్మను. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు లొంగలేదు.

డెబ్బైల చివరి మాట. హిందూపురం నుంచి రోజూ రైల్లో పెనుకొండ వెళ్లి, ఒక సర్కారు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. ఏ ఆఫీసో చెప్పను. పాపం, అందరూ మంచివాళ్లే.

కొత్తగా వచ్చిన పెద్దసారుకు దక్షిణం వాకిలి నచ్చలేదు. దాన్ని మూసేసి తూర్పున కొత్తది పెట్టమన్నారు. మూయడానికి ముహూర్తం అక్కర్లేదు కాబట్టి మేస్త్రీ వెంటనే రాళ్లూ సున్నమూ పెట్టి మూసేశాడు. కొత్తది పెట్టడానికి మాత్రం ముహూర్తం కావాలి. ధర్మవరం వడ్రంగి ద్వారబంధం పంపేసరికి మూఢం వచ్చిపడింది. మూఢంలో ద్వారబంధం నిలబెట్టడానికి మేస్త్రీ ఒప్పుకోడు, పెద్దసారు అసలే ఒప్పుకోరు. ఉన్న వాకిలి పోయింది, కొత్తది రాలేదు.

చేసేదేముంది? కిటికీ ఊచలు పీకించి, బయట ఒక బండ, లోపల ఒక స్టూలు వేసుకుని అందరం కిటికీలోంచే డ్యూటీకి దూకేవాళ్లం. పెద్దసారు భారీ మనిషి. ప్యూను ఆయన చెప్పులు పట్టుకునేవాడు, నేను మోచేయి పట్టుకునేవాణ్ణి. ఒకసారి లోపల పడ్డారంటే సాయంత్రం దాకా బయటికి వచ్చేవారు కాదు. ఆ రోజుల్లో నవ్వినంతగా నేను మళ్లీ ఎన్నడూ నవ్వలేదు.

అప్పుడే పింఛనుదార్లు వచ్చే రోజులు. ఏటా వాళ్లు పెద్దసారు ఎదుట నిలబడి, బతికే ఉన్నామని వేలిముద్ర వేయాలి. లేకుంటే పింఛను ఆగిపోతుంది. మిగతావాళ్లంతా ఎలాగో కిటికీ ఎక్కి దిగి పోయారు. ఆఖరి రోజు మధ్యాహ్నం రొద్దం బస్సులో నరసమ్మవ్వ దిగింది.

ఆమె భర్త మిలిటరీలో పోయాడు. ఆ పింఛను తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. నడుము పూర్తిగా వంగిపోయిన మనిషి. ఏటా నాకు కొంగులో చెనిక్కాయలు మూటగట్టి తెచ్చేది. ఆ రోజూ తెచ్చింది. చేతిలో కట్టె, దాని కొన అరగకుండా తొడిగిన ఇత్తడి పొన్ను. అది నేను బాగా చూశాను.

"ఏమప్పా, సర్కారోళ్లు గూడా కిటికీలో దూరతాండారా?" అని పకపకా నవ్వింది. ఎత్తి లోపల దించుతామంటే ఒప్పుకోలేదు. "ఈ వయసులో దొంగ మాదిరి నేను దూరను పో" అంది.

ఆ రోజు దాటితే ఆమె పింఛను ఆగిపోతుంది. పెద్దసారును బతిమాలి బయటికి తీసుకొద్దామని నేనే కిటికీ ఎక్కి దూకాను. ఆయన గదిలోకి వెళ్లి చూద్దును కదా, నరసమ్మవ్వ ఆయన ఎదుట నిలబడి వేలికి అంటిన సిరా తుడుచుకుంటోంది.

మేమే దించామనుకున్నారు సారు. మేం ఎవరం దించలేదు. ఉన్న దారి ఆ కిటికీ ఒక్కటే, దాంట్లోంచి వచ్చింది నేను.

"ఎట్ల వస్తివి అవ్వా?"

"వాకిట్లో నుంచే వస్తి. తీసే ఉండాది గదా."

"కట్టె యాడ?"

"పెద్దసారు ముందరికి కట్టె పట్టుకొని పోతారా ఎవరన్నా? వాకిట్లోనే ఆనిచ్చి వస్తి."

వచ్చిన దారినే పోతానని దక్షిణం వైపు నడిచింది. అక్కడ గోడ. దాన్ని తడిమి చూసి, "అప్పుడే మూసేసినారా? ఇంత తొందరేమప్పా మీకు?" అని మమ్మల్నే తిట్టింది. చివరికి సారు కుర్చీలోనే కూర్చోబెట్టి కిటికీలోంచి బయటికి దించాం. కుర్చీ ఒక కాలు పెద్దసారే పట్టుకున్నారు. పల్లకీలో పెళ్లికూతురు మాదిరి ఆమె నవ్వు, కింద మా నవ్వు. కట్టె మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

మర్నాడు సారు మూఢం సంగతి ఎత్తలేదు. మూసిన వాకిలి పగలగొట్టమన్నారు. పై వరసలు తీసిన మేస్త్రీ నన్ను కేకేశాడు. రాళ్ల నడుమ, గట్టిపడిన సున్నంలో, నిలువుగా ఆనిచ్చినట్టు కట్టె. కొనకు ఇత్తడి పొన్ను. కట్టినప్పుడు అందులో కట్టె లేదని మేస్త్రీ బిడ్డల మీద ఒట్టేశాడు. ఆ గోడ కట్టి అప్పటికి చాలా రోజులైంది, అవ్వ చేతిలో కట్టెను నేను చూసింది ముందురోజే.

రొద్దం వెళ్లి ఆ కట్టె ఇచ్చాను. కొంగుతో సున్నం తుడుచుకుంటూ, "చెప్తి గదా, ఆడ్నే పెడితినని" అంది. నాకు సంగటి పెట్టింది.

మీరనుకుంటున్నట్టు ఆమె అప్పటికే చనిపోయిన మనిషేమీ కాదు. ఆ తర్వాతా చాలా ఏళ్లు చెనిక్కాయలు తెచ్చి, బతికే ఉన్నానని వేలిముద్ర వేసి వెళ్లింది. ఆమె వచ్చినప్పుడల్లా పని ఆపి వాకిలి వైపే చూసేవాణ్ణి. అందరిలాగే కట్టె గడపకు ఆనించి, కుడికాలు పెట్టి లోపలికి వచ్చేది. ఆ ఒక్క రోజు ఎలా వచ్చిందో ఆమెకు తెలిసిన జవాబు ఒక్కటే. అంతకంటే మంచి జవాబు నాకూ ఈనాటికీ దొరకలేదు.