హెండ్రిక్ సారుకు ఏం జరిగింది

హెండ్రిక్ సారు చనిపోయారు. ఈ వాక్యం రాసి, కలం పక్కన పెట్టి, మళ్లీ చదివాను. ఎవరో తప్పుడు వార్త చెప్పినట్టే ఉంది. ఒక సోమవారం ఆయన మా హ్యాంగర్‌లో నిచ్చెనెక్కి, విమానం రెక్క కింద అరచేయి ఆనించి, వైద్యుడు రోగి పొట్ట చూసినట్టు చూస్తున్నారు. ఆ పై సోమవారానికి ఆయన లేరు.

నేను రచయితను కాను. పాల్మాకులలో పుట్టి, పదో తరగతితో బడి మానేసి, విమానాలకు మరమ్మతు చేసే సంస్థలో పనిముట్ల గది చూసుకుంటున్నవాణ్ణి. నాకున్న కాస్త విద్య శంషాబాద్ గ్రంథాలయం పెట్టిన భిక్ష. అక్కడి యాత్రా చరిత్రలు, వైద్య గ్రంథాలు, నిఘంటువులు బీరువాల వారీగా చదివాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే ఉంది. అయినా ఇది రాయక తప్పని పరిస్థితి వచ్చింది. ఆయన పోయిన దగ్గర్నుంచి ఊళ్లో రెండు కథలు తిరుగుతున్నాయి. తాగి తాగి పోయాడని బస్టాండు దగ్గర హోటల్లో అంటున్నారు. ఇక్కడి నీళ్లూ ఇక్కడి మురికీ చంపేశాయని విమానాశ్రయంలో పనిచేసే విదేశీయులు చెప్పుకుంటున్నారు. రెండూ అబద్ధం. అబద్ధాన్ని నమ్మి జాగ్రత్తపడితే మరొకరి ప్రాణం పోతుంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆయనది హాలెండు. విమానాశ్రయం తెరిచిన మరుసటి సంవత్సరం మా మెకానిక్కులకు పాఠం చెప్పడానికి రెండేళ్ల ఒప్పందం మీద వచ్చి, గడువు పొడిగించుకుంటూ ఉండిపోయారు. సంస్థవారు నగరంలో ఫ్లాటు చూపిస్తే వద్దన్నారు. శంషాబాద్ ఊళ్లోనే యాదమ్మ ఇంటి పై అంతస్తు కిరాయికి తీసుకున్నారు. యాదమ్మది వ్యవసాయ కుటుంబం. భర్త లేడు. కొడుకు శీను విమానాశ్రయంలో టాక్సీ నడుపుతాడు. హెండ్రిక్ అనడానికి ఆమెకు నోరు తిరగక 'ఇంద్రసారు' అంది. వీధంతా అదే పేరు స్థిరపడింది.

చల్లని దేశంలో యాభై ఏళ్లు బతికిన మనిషికి మన ఎండా వానా ఎంత పరీక్షో దగ్గరుండి చూశాను. బోరు ఎండిపోయేది. నీళ్ల ట్యాంకరు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. బంద్ రోజుల్లో బస్సులూ ఆటోలూ ఉండవు కనుక హ్యాంగర్‌కు నడిచి వచ్చేవారు. వానాకాలంలో ఒకసారి బూటులో పాము పిల్ల పడుకుని ఉంది. అప్పటినుంచి బూట్లు ఎక్కడ విప్పినా, చివరికి ఆఫీసు గదిలో విప్పినా, నేలకు కొట్టి గానీ తొడుక్కునేవారు కాదు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ ఆయన యాదమ్మ దగ్గర నేర్చుకున్న మాటే అనేవారు.

"ఏంది యాదమ్మక్కా, గిట్ల?"

"గంతే సారూ. మాకు మాత్రం వేరే ఉన్నదా?"

ఆ జవాబు ఆయనకు ఎందుకో తృప్తినిచ్చేది. నవ్వుకుంటూ మెట్లెక్కి పోయేవారు.

విదేశీయులు ఏటా నమోదు చేయించుకోవలసిన కార్యాలయం ఒకటుంది. అక్కడ ప్రతి ఏడూ ఏదో ఒక కాగితం తక్కువయ్యేది. ఫోటో వెనక గోడ తెల్లగా లేదని ఒకసారి తిప్పి పంపారు. ఇంటి యజమాని స్వయంగా రావాలని ఇంకోసారి అన్నారు. యాదమ్మ పొలం పని మానుకుని పట్టుచీర కట్టుకుని వెళ్లింది. ఈయన మీ ఇంట్లోనే ఉంటున్నాడని నమ్మకమేమిటని గుమాస్తా అడిగాడట. "గింత పొడుగు మనిషిని యాడ దాస్త సారూ? మా దర్వాజకు రోజూ తల కొట్టుకుంటడు, వచ్చి బొప్పి చూసిపో" అన్నదట. ఆ పూటే ముద్ర పడింది. ఈ కథ ఆయన మాకు చెప్పినప్పుడల్లా నుదురు తడుముకుని చూపించేవారు.

ఇక ఆయన వృత్తి గురించి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. మా పనిలో ఒక చిన్న స్పానరు తక్కువైనా విమానం కదలదు. అది ఎక్కడో లోపల ఉండిపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు మనవాళ్లకు మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే, ఎవరు చేశారని. హెండ్రిక్ సారు ఆ ప్రశ్నను తరగతిలో నిషేధించారు. "ఎవరు అని ముందు అడిగితే, ఏం జరిగిందో మీకు ఎప్పటికీ తెలియదు" అనేవారు. తప్పు చేసినవాడు తానే వచ్చి చెబితే శిక్ష లేదు. దాస్తే మాత్రం క్షమాపణ లేదు.

మా సుబ్బారావు గారు గుడివాడ నుంచి వచ్చిన సీనియర్ ఇన్‌స్పెక్టరు. మాట పడని మనిషి. ఒకసారి ఆయనే టార్చిలైటు విమానం లోపల మరిచి పైపలక బిగించేశారు. గుర్తొచ్చాక చెమటలు పట్టి, నేరుగా హెండ్రిక్ సారు దగ్గరికి వెళ్లి చెప్పేశారు. సారు కుర్చీ లాగి, టీ తెప్పించి, ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమన్నారు. కరెంటు పోయిందని, ఆ కంగారులో టార్చి చేతులు మారిందని తేలింది. మర్నాటినుంచి మా దగ్గర ప్రతి టార్చికీ మణికట్టుకు తగిలించుకునే తాడు వచ్చింది. "నన్ను తిట్టి ఉంటే బాగుండేదండీ, ఆ టీ గొంతు దిగలేదు" అని సుబ్బారావు గారు ఇప్పటికీ అంటారు.

ఇంత జాగ్రత్త గల మనిషి ఆరోగ్యం విషయంలో అజాగ్రత్తగా ఉన్నారనుకోకండి. వచ్చిన కొత్తలో ఒక పెళ్లిలో గ్లాసెడు నీళ్లు తాగి వారం మంచం పట్టారు. అప్పుడు ఒక చిన్న క్లినిక్‌లో, ముందు మనిషికి పొడిచిన సూదితోనే ఆయనకూ పొడవబోయారు. లేచి వచ్చేశారు. నాటినుంచి కాచిన నీళ్లు, దోమతెర, ఇంటి తిండి. డెంగీ దోమ పగలు కుడుతుందని, మురుగులో కాక శుభ్రమైన నీళ్లలోనే గుడ్లు పెడుతుందని గ్రంథాలయంలో చదివి నేనే ఆయనకు చెప్పాను. ఆ ఆదివారమే వెల్డింగు షాపుకు వెళ్లి యాదమ్మ వీధిలోని డ్రమ్ములన్నిటికీ రేకు మూతలు చేయించారు. కానీ ఊరి చుట్టూ ప్లాట్లలో ఇళ్లు లేస్తున్నాయి. సిమెంటు తడపడానికి కట్టిన తొట్లకు మూతలెవరు వేస్తారు?

జ్వరం వచ్చిన రోజుల్లో నేను ఊళ్లో లేను. మహేశ్వరంలో మా అక్క పత్తిచేనులో కలుపు తీయించడానికి వెళ్లాను. ఆ తర్వాత యాదమ్మ చెప్పింది. కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చి పడుకున్నారట. దవాఖానకు పోదాం పా అని ఆమె అంటే, "ఫ్లూ అక్కా, గంతే" అన్నారట. బీరువాలోంచి సీసా తీసి మాత్ర వేసుకున్నారు. అది ఆయన దేశపు మాత్ర. చెల్లెలు అన్నెకె ఏటా పండగ పార్శిల్‌లో పంపేది. సాయంత్రానికి జ్వరం తగ్గి, లేచి కూర్చుని జావ తాగారు. మర్నాడు మళ్లీ పెరిగింది. మళ్లీ మాత్ర. ఇలా మూడు రోజులు. నాలుగో ఉదయం తలగడ మీద ఎర్రటి మరకలు చూసి యాదమ్మ కొడుకుకు ఫోను చేసింది.

శీను అప్పుడు విమానాశ్రయంలో టాక్సీల వరసలో ముందున్నాడు. ఆ వరస వదిలితే మళ్లీ చివరికి పోవాలి, పూట గిరాకీ పోతుంది. వదిలి వచ్చాడు. దారిలో నాకు ఫోను చేశాడు. "అన్నా, సారుకు చిగుర్లకెళ్లి రక్తం వస్తున్నది. నేను తీస్కపోతున్న, నువ్వు సీదా దవాఖానకు రా."

నేను చేరేసరికి డాక్టరు గారు ప్రశ్నలు అడుగుతున్నారు. జ్వరానికి ఇంట్లో ఏమైనా వేసుకున్నారా అన్నారు. హెండ్రిక్ సారు ఆస్పిరిన్ అని చెప్పారు. రోజుకు ఎన్నిసార్లో కూడా దాచకుండా చెప్పారు. డాక్టరు గారు ఇది డెంగీ అని, ఈ జ్వరంలో ఆ మాత్ర వేసుకోకూడదని, రక్తాన్ని గడ్డకట్టనివ్వదని చెప్పారు. దానివల్లేనా అని సారు అడిగారు. దానివల్లే అని ఖాయంగా చెప్పలేను, జబ్బు దానికదే ప్రమాదం, కానీ మాత్ర మేలు మాత్రం చేయలేదు అన్నారాయన.

డాక్టరు వెళ్లాక సారు పైకప్పు చూస్తూ ఇంగ్లీషులో నాతో అన్న మాటలు ఇవి. "జ్వరమొస్తే మా అమ్మ ఇదే ఇచ్చేది. ఇక్కడికొచ్చాక మీ నీళ్లను అనుమానించాను, మీ సూదుల్ని అనుమానించాను, మీ రోడ్లను అనుమానించాను. ఈ సీసాను ఒక్కసారి కూడా అనుమానించలేదు."

అన్నెకె వస్తోంది అని కూడా అన్నారు. ఫోనులో ఆమెకు ఈ సంగతి చెప్పలేదట. "ఎదురుగా కూర్చుని నేనే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా తన తప్పనుకుంటుంది."

మా అందరికీ ఆ రెండు రోజులూ అదే ధ్యాస, ఆమె వచ్చేదాకా ఆయన ఉండాలని. వీసా చేతికి రావడానికే ఆలస్యమైంది. ఇక్కడ రక్తం కావాలన్నారు. శీను ఒక్క మాట చెబితే టాక్సీలవాళ్లు వరసలు వదిలి వచ్చి దవాఖాన వరండాలో కూర్చున్నారు. ఆయన ఎవరో తెలియనివాళ్లూ ఉన్నారు అందులో. ఆదివారం మధ్యాహ్నం బీపీ పడిపోయింది. లోపల రక్తస్రావం ఆగలేదు. అన్నెకె గారి విమానం అప్పటికి ఆకాశంలో ఉంది.

విమానాశ్రయంలో పేరు రాసిన అట్ట పట్టుకుని నేనూ శీనూ నిలబడ్డాం. ఆమె మా ముఖాలు చూసి అట్టను మెల్లగా కిందికి దించారు. అన్న పోయాడన్న సంగతి ఆమెకు మేం నోరు తెరవకుండానే తెలిసింది. ఎలా పోయాడో చెప్పడం మిగిలింది. అది ఆయన తనకోసం ఉంచుకున్న పని. నా మీద పడింది.

యాదమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది. "చెప్పకు బిడ్డా. మనసుతోని పంపింది. ఇగ బతికినన్ని రోజులు కుములుతది. ఏమొస్తది చెప్పి?"

సుబ్బారావు గారు గుమ్మంలో నిలబడి విన్నారు. "ఆయన దగ్గర మనం నేర్చుకున్నది ఇదేనాండీ? ఆయన చెల్లెలికే దాచిపెడితే ఇంక ఎవరికి చెబుతాం?" అన్నారు.

"మీకేం సారూ, చెప్పి ఇంటికి పోతరు. ఆమె మొఖం నేను చూడాలె" అంది యాదమ్మ.

నేను చదివిన పుస్తకాలు ఒక్కటీ సాయం రాలేదు. పైకి వెళ్లేసరికి అన్నెకె గారు అన్న మంచం మీద కూర్చుని సంచి సర్దుకుంటున్నారు. అందులోంచి కొత్త సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. జ్వరమొచ్చిన మొదటి రోజు ఫోనులో ఆయనే మాత్రలు అయిపోవచ్చాయన్నారట. ఏం జరిగిందో చెప్పమని ఆమే అడిగారు. చెప్పాను. డాక్టరు గారు అన్నది, ఖాయంగా చెప్పలేనన్న మాటతో సహా, ఎక్కువా తక్కువా లేకుండా చెప్పాను. తానే చెప్పాలని ఆయన ఎందుకనుకున్నారో అదీ చెప్పాను.

ఆమె ఒక్కటే అడిగారు. "ఆ మాత్రతో మా అన్నకు కొంచెమైనా తగ్గిందా?"

నా వెనకే పైకి వచ్చి గుమ్మంలో నిలబడ్డ యాదమ్మ వైపు తిరిగి ఆ ప్రశ్న తెలుగులో చెప్పాను. "తగ్గింది తల్లీ. మొదటి పొద్దు లేసి కూసున్నడు, జావ తాగిండు, నాతోని నవ్విండు" అంది యాదమ్మ. నేను అది ఇంగ్లీషులో చెప్పబోతుంటే అన్నెకె గారు వద్దన్నట్టు చేయి ఎత్తి, యాదమ్మ భుజం మీద తల పెట్టుకున్నారు.

ఆయన శవపేటిక సరుకుల విమానాలు ఆగేవైపు నుంచి వెళ్లింది. హ్యాంగర్‌లో పని ఆపి అందరం బయటికి వచ్చి నిలబడ్డాం. తరగతి గదికి మరో గురువును సంస్థవారు పంపుతారు, పాఠాలూ జరుగుతాయి. కానీ తప్పుచేసి వణుకుతున్నవాడికి కుర్చీ లాగి టీ తెప్పించే మనిషిని మాకు ఎవరు పంపుతారు? ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. ఆ పెద్దమనిషికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

కృతజ్ఞతలు చెప్పవలసినవారున్నారు. కన్నకొడుకులా కనిపెట్టుకున్న యాదమ్మకు. వరస వదిలి వచ్చిన శీనుకు, అతని మాట మీద రక్తమిచ్చిన ఖాజా, మల్లేశ్, బాల్‌రాజ్‌లకు. శవాన్ని పంపే కాగితాల కోసం కార్యాలయాలన్నీ తిరిగి, ఎక్కడా ఎవరినీ కసురుకోని సుబ్బారావు గారికి. ఆఖరి మధ్యాహ్నం ఆయన చేయి వదలని నర్సు గారికి. ఆమె పేరు అడగాలని ఆ పూట ఎవరికీ తోచలేదు, మన్నించాలి. ఈ వ్యాసంలో తప్పులు దిద్దిన గ్రంథాలయ నిర్వాహకుడు నర్సింలు గారికి.

చివరగా అన్నెకె గారికి. వెళ్లేముందు యాదమ్మ పెట్టిన పప్పన్నం చేత్తో కలుపుకుని తిన్నారు. ఇదంతా రాసి, ఇక్కడికి కొత్తగా వచ్చేవాళ్లకు చదివి వినిపించమని నాతో చెప్పారు. మీ ప్రసక్తి లేకుండా రాస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "మాత్రలు పంపింది చెల్లెలని రాయండి. వాళ్లకూ చెల్లెళ్లు ఉంటారు" అన్నారు.