మాస్టారి గదిలో కూలిన మేడలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో కొత్త మనిషి కనిపిస్తే చాలు, సర్వేకి వచ్చాడేమోనని హడలిపోయేవాళ్లం. గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయిస్తున్న రోజులవి. మాకింకా నోటీసు రాలేదు. రేపో మాపో వస్తుందని పెద్దవాళ్లు దిగులుపడేవారు. వాళ్లను చూసి చూసి నాకు పదేళ్లకే అనుమానం ముదిరిపోయింది.

సరిగ్గా అప్పుడే మా వీధిగదిలోకి కృష్ణా జిల్లా నుంచి ఒకాయన అద్దెకు దిగాడు. పోర్టులో గుమాస్తా. సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పేవాడు కాబట్టి మాస్టారనేవాళ్లం. మనిషి నెమ్మదస్తుడే గానీ, ఆదివారం వస్తే తలుపు దగ్గరగా వేసుకుని భూతద్దంతో ఏవో కాగితాలు చూసుకుంటూ కూర్చునేవాడు. అది నాకు నచ్చలేదు. ఒకరోజు కిటికీ సందులోంచి తొంగి చూస్తే, అన్నీ కూలిన మేడల బొమ్మలే. విరిగిన స్తంభాలు, నెర్రెలిచ్చిన గోడలు, వాటి మీద మొలిచిన పిచ్చిమొక్కలు. మా ఊరిని పడగొట్టాక ఎలా ఉంటుందో ముందే గీసి దాచుకున్నాడని తేల్చేశాను. మా ఊళ్లో ఒక్క మేడా లేదన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

ఆయన నూతి దగ్గర స్నానం చేస్తుంటే ఒక బొమ్మ లాక్కుని పరిగెత్తి, ఎవరూ చూడకుండా టీకొట్టు బల్ల మీద పడేసి వచ్చాను. అలాంటి కాగితాలు ఊళ్లో మాస్టారి దగ్గర తప్ప ఉండవు. కాసేపటికి ఆ బొమ్మ పట్టుకుని పదిమంది మా గుమ్మం ముందున్నారు.

"ఏటిది మాస్టారూ? మా ఇల్లన్నీ కూల్సీసినాక ఎలాగుంటాయో బొమ్మలేసుకున్నావా? ఇయ్యాలే గది కాళీ సెయ్" అని మా పెదనాన్న గద్దించాడు.

అది రోము నగరమనీ, ఎన్నో వందల ఏళ్ల నాడే పాడుబడిందనీ, ఎవరో రాగి రేకు మీద గీసి అచ్చొత్తితే, పోర్టుకొచ్చిన ఇటలీ ఓడలో వంటవాడు తనకిచ్చాడనీ మాస్టారు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. నేనసలే నమ్మలేదు. అప్పుడాయన భూతద్దం తెచ్చి మా నాయనమ్మ చేతికిచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఓలమ్మా, ఈ గోడల మద్దిన ఎవలో టోపీలెట్టుకున్నోలు బట్టలారేస్తన్నారు. మేకలు కూడా మేస్తన్నాయి. ఈల్లు మనోలు కారర్రా!" అంది.

ఒక్కొక్కరే వంగి చూసి తలలు దించుకున్నారు. అంతటితో ఆగితే బాగుండేది. మా పెదనాన్నకు ఇంకో అనుమానం వచ్చింది, ఆ కాగితం టీకొట్టుకు ఎలా చేరిందని. దొంగెవడో తేలాలన్నాడు. ఆయన చేతి దెబ్బ నాకు బాగా తెలుసు.

తొందరలో లాగినప్పుడు బొమ్మ మూల చిరిగింది. ఆ ముక్క ఇంకా నా పిడికిట్లోనే ఉంది. మాస్టారు చిరిగిన చోటు చూశాడు, తర్వాత నా పిడికిలి చూశాడు.

"నేనేనండీ. టీ తాగడానికెళ్లి అక్కడ మర్చిపోయాను" అన్నాడు.

ఏడాది తిరక్కుండా మాకూ నోటీసు వచ్చింది. ఇళ్లు పోయాయి, ఆయనా మేమూ తలో దిక్కయ్యాం. నేనే తీశానని ఒప్పుకునే ధైర్యం ఆ ఏడాదంతా నాకు రాలేదు. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. అనుమానం మాత్రం నన్ను వదల్లేదు, అది నా గుణం. కానీ ఎవరినైనా దొంగ అనబోయే ముందు, దొంగ కళ్లెదుటే దొరికినా పేరు బయటపెట్టని ఆ మనిషి గుర్తొస్తాడు. అనబోయిన మాట నోట్లోనే ఆగిపోతుంది.