మచ్చలు లేని బ్యాటు

బ్యాట్ల డాక్టరు తన జీవితంలో ఒక్క మ్యాచి కూడా మొదటినుంచి చివరిదాకా చూడలేదంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, నిజం మాత్రం అదే. అతని కొట్టు క్లబ్బు పెవిలియన్‌కి వెనకవైపు, మైదానానికి వీపు పెట్టి ఉంటుంది. పైగా మ్యాచి ఉన్న రోజే అతనికి ఊపిరాడనంత పని. ఒకడి బ్యాటుకి పిడి ఊడుతుంది, ఇంకొకడిది అంచు చీలుతుంది, మరొకడు కొత్త బ్యాటు పట్టుకొచ్చి దీన్ని సుత్తితో కొట్టి కాస్త దారికి తెమ్మంటాడు. చెక్క సుత్తి, జిగురు డబ్బా, పిడికి చుట్టే మైనపు దారం, గది నిండా అవిసె నూనె వాసన. వీటి మధ్య కూచున్న మనిషికి ఆటంటే గోడ అవతలి చప్పట్లూ, చేతికొచ్చిన చెక్కా, అంతే. తండ్రి దగ్గర పని నేర్చుకున్న నాటినుంచీ ఇదే వరస.

అయినాసరే, ఏ కాలపు ఆటగాడు ఎవరికన్నా గొప్పో తేల్చమంటే మాత్రం అతని తరవాతే ఎవరైనా. అంకెలు అబద్ధమాడతాయి, పేపరువాళ్లు అబద్ధమాడతారు, చెక్క ఆడదు అనేవాడు. బ్యాటు మీద బంతి తగిలిన ప్రతిచోటా ఎర్రటి మచ్చ పడుతుంది. మచ్చలు నడిమధ్యన గుత్తిగా ఉంటే వాడు మొనగాడు. అంచుల్లో చెల్లాచెదురుగా ఉంటే అదృష్టజాతకుడు. అసలు మచ్చలే లేకపోతే? వాడి సంగతి మాట్లాడుకోవడం అనవసరం. యాభై ఏళ్ల కిందటి బ్యాటుకైనా, నిన్నటి బ్యాటుకైనా అతనిది ఒకటే కొలత.

ఆ కొలతని ఒప్పుకోని మనిషి ఒక్క బావే. అంటే డాక్టరు అక్క మొగుడు. చెప్పుల ఫ్యాక్టరీలో స్టోరు చూసి రిటైరయ్యాడు. వయసులో ఉండగా ఇదే క్లబ్బు తరఫున ఏళ్ల తరబడి మొదటి బంతి ఎదుర్కొన్నవాడు. పరుగులు పెద్దగా తీసేవాడు కాదు, అవుటూ అయ్యేవాడు కాదు. అందుకని జనం ఆయనకి జిడ్డు అని పేరు పెట్టారు. ఆయన కూడా ఆ పేరుకే పలికేవాడు.

ప్రతి ఆదివారం పొద్దున్నే బావ కొట్టుకొచ్చి, ముక్కాలి పీట లాక్కుని, టీ తెప్పించుకుని గొడవ మొదలుపెట్టేవాడు. బావాబావమరుదులిద్దరూ కలిసి అన్ని కాలాలకీ, అన్ని దేశాలకీ కలిపి ఒక్క జట్టు ఎంచడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లయింది. ఇంకా ఓపెనర్ల దగ్గరే ఉన్నారు. బావ పాతవాళ్ల పక్షం. వానకి తడిసిన పిచ్ మీద, నెత్తిన గుడ్డ టోపీతో ఆడినవాళ్ల ముందు ఇప్పటివాళ్లెంత అంటాడు. దూరపు కొండలు నునుపు బావా, వాళ్లని ఇప్పటి ఫీల్డర్ల మధ్య నిలబెట్టి ఒక్క పరుగు తియ్యమను చూద్దాం అంటాడు డాక్టరు. నీ కుర్రాళ్ల తలమీంచి ఇనప టోపీ తీసెయ్, ఇంటిదారి పడతారంటాడు బావ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఇద్దరిదీ పట్టుదలే. వికెట్‌కీపరుకి బ్యాటింగు రావాలా వద్దా అన్న దాని మీద మాట పెరిగి, ఒకసారి బావ చెప్పులు కూడా మరిచి లేచి వెళ్లిపోయాడు. పై ఆదివారం మళ్లీ పీట మీద హాజరు.

చెప్పొద్దూ, డాక్టరుకి ఆ గొడవే ప్రాణం. భార్య పోయాక మరీను. వారమంతా ఇంట్లో తన గొంతు తనకే వినపడేది కాదు. ఆదివారం నాడు మాత్రం తనని కాదనే మనిషొకడు వస్తాడు. ఆ కాదనడం కోసమే శనివారం నుంచి మాటలు కూడబెట్టుకునేవాడు.

ఇలా ఉండగా క్లబ్బుకి డెబ్బై అయిదేళ్లు నిండాయి. తొలినాళ్ల తాతలనుంచి నిన్నటి కుర్రాళ్లదాకా అందర్నీ కలిపి పదకొండు మందిని ఎంచి, పెవిలియన్ గోడ మీద పేర్లు రాయిద్దామన్నాడు సెక్రటరీ. ఎంచే పని ఎవరికిస్తే మిగిలినవాళ్లు ఊరుకుంటారు? ఎవడికి వాడు తన కాలమే స్వర్ణయుగమంటాడు. చివరికి, అందరి బ్యాట్లూ ఎరిగిన డాక్టరుకే అప్పగించారు. డాక్టరు ఛాతీ జానెడు పెరిగింది.

ఆ కబురు తెలియగానే బావ కొట్టుకి రావడం మానేశాడు. అలిగి కాదు. పేర్లు గోడకెక్కేదాకా తను అక్కడ కూచుంటే నలుగురూ నాలుగు మాటలంటారని. ఆ సంగతి అక్కతో కబురు పెట్టాడు. మర్యాదస్తుడు.

డాక్టరు క్లబ్బు అద్దాల బీరువాలోని పాత బ్యాట్లన్నీ దింపించి బల్ల మీద పరిచాడు. బావ రోజుల్లోనే మూడో స్థానంలో ఆడి, పిడుగని పేరు తెచ్చుకున్నవాడి బ్యాటు చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. నడిమధ్యన అరచేతి మేర ఎర్రగా ముద్ద కట్టిన మచ్చలు. దాని పక్కనే బావ బ్యాటు. పెళ్లికూతురి చెంపలా నున్నగా ఉంది. అక్కడొకటి, ఇక్కడొకటి, వెతికితే గానీ కనపడని మచ్చలు. అన్నేళ్లు ఆడిన మనిషి బ్యాటు ఇదా? అని డాక్టరు నొచ్చుకున్నాడు. కానీ ఆ నొప్పి వెనకాలే, ఎక్కడో, చిన్న హాయి కూడా కలిగింది. దాచడమెందుకు. సొంత బావని జట్టులో వేసుకున్నాడని ఒక్కడూ అనలేడు. తక్కెడ తనవాళ్ల వైపు మొగ్గకూడదని, అవతలి పళ్లెంలో వేలు పెట్టి నొక్కాడు. దానికి న్యాయమని పేరు పెట్టుకున్నాడు. ఓపెనర్లుగా ఒక తాతగారినీ, ఒక ఎడంచేతి పోస్టుమాన్‌నీ ఖాయం చేశాడు.

పేర్లు చూపించిన సాయంత్రం బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అక్కని వెంటబెట్టుకుని వచ్చాడు. గోడమీది పేర్లు పైనుంచి కిందిదాకా ఒకసారి చదివాడు. కిందనుంచి పైకి ఇంకోసారి చదివాడు. అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. సొంత బావని కూడా పక్కన పెట్టాడు, అదీ మనిషంటే! అని ఎవరో డాక్టరు భుజం తట్టారు. ఆ పూట అతనికి భూమ్మీద కాలు ఆనలేదు.

రెండు రోజుల తరవాత అక్క ఇంటికి వెళ్తే ఆమె టీ ఇచ్చింది గానీ ఎప్పటిలా ఎదురుగా కూచోలేదు. వంటగట్టు తుడుస్తూ, తలతిప్పకుండా అడిగింది.

"మచ్చలు చూసి ఎంచావటగదరా?"

ఔనన్నాడు డాక్టరు.

"బ్యాటు మీద ఎందుకుంటాయిరా మీ బావకి? అన్నీ ఒంటి మీదే. ఆ ఎగుడుదిగుడు నేల మీద కొత్త బంతికి బ్యాటు అడ్డం పెడితే క్యాచి పోతుందని చేతులు దించేసి పక్కటెముకలకి తగిలించుకునేవారు. బంతి పాతబడేదాకా అంతే. అప్పుడొచ్చి కొట్టేవాడు మీ పిడుగు. ఆటయ్యి ఇంటికొచ్చి చొక్కా విప్పితే ఒళ్లు నల్లగా కమిలిపోయి ఉండేది. కాపడం పెట్టిన చెయ్యి ఇదిగో, నాది."

డాక్టరు పని అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఇన్నేళ్లూ ఆట మొత్తం తన బల్ల మీదికే వస్తుందనుకున్నాడు. బాగా ఆడి, బ్యాటుని కాపాడుకుని, మరమ్మతే అక్కర్లేకుండా ఇంటికెళ్లిన మనిషొకడు ఉంటాడని అతనికి తట్టలేదు. పిడుగు బ్యాటు మీది ఆ ఎర్రటి ముద్దలో సగం బావ ఎముకలదే. సిగ్గుతో అతనికి తలెత్తబుద్ధి కాలేదు.

బావ వసారాలో కుర్చీకి నవారు బిగిస్తున్నాడు. డాక్టరు వెళ్లి పక్కన గొంతుక్కూచుని, తప్పయిపోయింది బావా, రేపే సెక్రటరీతో చెప్పి పోస్టుమాన్ పేరు కొట్టించి నీ పేరు రాయిస్తానన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని అతనికీ తెలుసు.

బావ నవారు వదల్లేదు. పోస్టుమాన్ కొడుకు, గోడ ముందు నిలబడి మనవల్తో ఫోటో తీయించుకుని వెళ్లాడని, ఆ పేరు ముట్టుకుంటే ఊరుకోనని చెప్పాడు. కోపమేం లేదు ఆయన గొంతులో. నవారు ఇంకో వరస లాగి అన్నాడు:

"గోడమీద లేకపోతే పోయిందిలేరా. ముప్పై ఏళ్లు నీకు ఎదురుగా కూచున్నాను. చూడని దేశాల్లో ఎప్పుడో పోయినవాళ్లు కొత్త బంతి ఎలా ఆడారో వాదించావు. నువ్వెలా ఆడేవాడివి బావా అని ఒక్కసారి అడిగావా?"

అడగలేదు. నిజంగానే అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను, చెప్పు బావా అన్నాడు డాక్టరు.

"ఇప్పుడెందుకులే. ఏం గుర్తున్నాయి గనక" అని బావ ముడి బిగించాడు.

పై ఆదివారం రాడనుకున్నాడు డాక్టరు. కానీ వచ్చాడు. పీట లాక్కున్నాడు, టీ తెప్పించుకున్నాడు. డాక్టరుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆత్రంగా స్పిన్నర్ల ఊసెత్తాడు. బావ విని తలూపాడు. ఆ పై ఆదివారం ఫాస్ట్ బౌలర్ల గురించి అడిగితే, నువ్వెలా అంటే అలాగే అన్నాడు. వానల గురించి మాట్లాడాడు, మోకాళ్ల గురించి మాట్లాడాడు. డాక్టరుని యోగక్షేమాలన్నీ అడిగాడు. ఎక్కడా ముఖం ముడుచుకున్నది లేదు. అలిగినవాణ్ణయితే బతిమాలుకోవచ్చు, మంచిగా ఉన్నవాణ్ణి ఏం బతిమాలతాం?

ఇలా నెలలు గడిచాయి. చివరికొక ఆదివారం డాక్టరు తెగించాడు. చెక్క సుత్తి కింద పెట్టి, గట్టిగా, పక్క కొట్టువాళ్లకి కూడా వినపడేలా అన్నాడు.

"బాగా ఆలోచించాను బావా. మన జట్టుకి ఓపెనర్లుగా ఇరవై ఓవర్ల కుర్రాళ్లిద్దర్ని పెట్టేద్దాం. పాతవాళ్లు ఒక్కడూ వద్దు. తడి పిచ్ లేదు, గాడిద గుడ్డూ లేదు. అసలు వాళ్లకి బ్యాటు పట్టుకోవడమే రాదు."

అని, బావ ముఖంలోకి చూస్తూ కూచున్నాడు. తిట్టమని చూశాడు. చెప్పులు మరిచి లేచి వెళ్లిపొమ్మని చూశాడు.

బావ టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"అంతేలేరా" అన్నాడు. "నీకు తెలీందేముంది."