మేనేజరు గారి నడక

మొన్న పొద్దున మా చిన్నమ్మాయి పళ్లెంలో ఇడ్లీలు అలాగే పెట్టుకుని కంప్యూటర్ వంక చూస్తూ కూర్చుంది. వాళ్ల పెద్ద కంపెనీలో మనుషులను తీసేస్తున్నారట. తీసేస్తున్నది ఎవరమ్మా అంటే, ఎవరికీ తెలియదంది. ఆ ముఖం చూడగానే నాకు మా మేనేజరు గారి నడక గుర్తొచ్చింది.

తొమ్మిదో తరగతి నన్ను వదిలేసిందో, నేనే దాన్ని వదిలేశానో గానీ, జీడిమెట్లలో ఒక చిన్న షెడ్డులో లేతు మిషను మీద చేరాను. సేటు పొద్దున తిట్టి, సాయంత్రం తన చాయిలో సగం నాకు పోసేవాడు. జీతం ఎప్పుడిస్తాడో ఆయనకే తెలియదు, జ్వరమొస్తే సెలవు లేదు, వేలు తెగితే పసుపే మందు. అయితే దసరాకు ఆయుధపూజ కాగానే, మిషన్లకు పెట్టిన బొట్లు ఆరకముందే, సేటు ఎలా నడుస్తాడో, ఎలా తిడతాడో నేను చేసి చూపించడం అక్కడ ఆనవాయితీ. అందరికంటే ఎక్కువ నవ్వేది సేటే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేడ్చల్ దగ్గర పెద్ద మందుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఒకటో తారీఖున జీతం, సందు చివరిదాకా బస్సు, క్యాంటీన్‌లో పెరుగుతో సహా భోజనం, అన్నిటికీ మించి ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి కార్డు. ఆ ఏడే మా నాయినకు గుండె రక్తనాళాలు పూడుకుపోయాయన్నారు. దసరా వెళ్లిన వారానికి ఆపరేషన్, ఖర్చంతా కార్డు మీదే. ఉద్యోగం పోతే కార్డు పోతుంది, కార్డు పోతే నాయిన దక్కడు.

సరిగ్గా ఆ దసరాకే, పూజ అయ్యాక, పాత అలవాటు కొద్దీ ముందుకు వెళ్లి మేనేజరు గారి నడక చేసి చూపించాను. కోస్తా వైపు పెద్దమనిషి, నాలుగడుగులకోసారి చొక్కా జేబులోని సెల్‌ఫోను తడుముకుంటూ నడిచేవారు. నేనూ అలాగే తడుముకుంటూ గుమ్మడికాయ చుట్టూ తిరిగాను. ఒక్కరూ నవ్వలేదు. నవ్వొచ్చో రాదో తెలుసుకోవడానికి అందరూ ముందు ఆయన ముఖం చూశారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు, వెళ్లిపోయారు.

బస్సులో రోజూ నా పక్కన కూర్చునే ఫిట్టరు ఆ సాయంత్రం ముందు సీటుకు పోతూ, "గిది నీ సేటు షెడ్డనుకున్నవా? నీతోని మాట్లాడితే ఇగ మేం గూడ పోతం" అన్నాడు.

సేటయితే పానా విసిరేవాడు, తగిలితే తగిలేది, అంతటితో తీరిపోయేది. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ నా గుర్తింపు కార్డు తిరిగిచ్చేదాకా చాపిన చెయ్యి దించేవాణ్ణి కాదు, నోటీసు బోర్డు ముందు తల వంచుకుని నడిచేవాణ్ణి. ఇంట్లో చెప్పలేదు గానీ, నేను జోకులు మానేసేసరికి నాయినకు అనుమానమొచ్చింది. "ఏందిర, ఆపరేషన్ నాకా, నీకా?" అన్నాడు.

ఆపరేషన్‌కు ముందురోజు మేనేజరు గారు రమ్మన్నారని కబురొచ్చింది. మెట్లెక్కి వెళ్లాను. లోపల ఆయన సొరుగులు ఖాళీ చేసి అట్టపెట్టెలో సర్దుకుంటున్నారు.

"ఏమయ్యా, నేను నిజంగా అలాగే తడుముకుంటానా?"

"లేదు సార్... కొంచెం సార్" అన్నాను.

"బొంబాయి హెడ్డాఫీసు నుంచి ఎప్పుడు ఫోనొస్తుందో, ఏమంటారోనని. నువ్వు చేసి చూపించేదాకా నాకే తెలియలేదు. నిన్న వచ్చేసిందిలే, రేపటి నుంచి రావద్దని." పెట్టె మూత వేశాక మళ్లీ అన్నారు. "మీ నాన్నగారి ఆపరేషన్ కాగితాలు సంతకం పెట్టి పంపేశాను. నా తరవాత వచ్చేవాడు ఎలాంటివాడో."

ఆ అట్టపెట్టె నేనే ఎత్తుకుని కిందిదాకా తెచ్చాను.

నాయిన ఆ తరువాత చాలా ఏళ్లు శామీర్‌పేట చెరువు చేపలు తిని, ముళ్లు నా కంచంలో వేసి ఏడిపించాడు. రిటైరయ్యేదాకా ఆ కంపెనీ అన్నం నాకు అరిగింది గానీ, భయం అరగలేదు. ఎవరెంత బతిమాలినా ఆ నడక మాత్రం మళ్లీ చేయలేదు. మన రోజుల్లో సేటుకు నోరుండేది, మేనేజరుకు గది ఉండేది, ఏ తలుపు ముందు నిలబడి వణకాలో మనకు తెలిసేది. ఇప్పటి పిల్లలు ఎవరికి భయపడుతున్నారో, ఆ మనిషి నడక చేసి చూపిద్దామన్నా, అతను నడవగా చూసినవారే లేరు.