చౌడేశ్వరమ్మ కిడ్నీ, రాజారత్నం శాలువా

తిరుపతి ఆసుపత్రిలో ఎవరైనా "పతివ్రతవమ్మా" అంటే చౌడేశ్వరమ్మకు రోతగా ఉండేది. అన్నవాళ్లు మంచివాళ్లే. కానీ ఆ వార్డులో కిడ్నీ ఇవ్వడానికి పరీక్షలు చేయించుకుంటున్నవాళ్లంతా ఆడవాళ్లే. పెళ్లాలు, తల్లులు, ఒక అక్క. తీసుకునేవాళ్లలో ఒక్క ఆడమనిషి లేదు. ఆ సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు.

ఆమె భర్త కుప్పయ్యది నగరి దగ్గర ఒక సాలెవీధి. ఇంట్లోనే పవర్‌లూమ్ మగ్గం ఉండేది. ఆరేళ్ల కింద కులపెద్ద రాజారత్నం అద్దకం షెడ్డు పెట్టి, రంగునీళ్లను వీధి చివర గుంటలోకి వదిలాడు. కొన్నాళ్లకు బోరులో నీళ్లు ఊదారంగుకు తిరిగాయి. అన్నం ఉడికిస్తే గంజి మీద నురగ తేలేది. వీధిలో అందరూ గొణిగారు, కుప్పయ్య ఒక్కడే చిత్తూరు కోర్టులో కేసు వేశాడు. ఆ వారమే కులం కూడి అతని ఇంటిని వెలివేసింది. నూలు ఇచ్చేవాళ్లు లేరు. పలకరించేవాళ్లు లేరు. సొంత అన్న వెంకటముని కూడా ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. చౌడేశ్వరమ్మ తల్లి పోయినప్పుడు ఆమెను పుట్టింటి గడప దాటనివ్వలేదు. ఆమె వీధిలోనే నిలబడి పాడె పోవడం చూసింది.

మగ్గం అమ్మేసి, కూతురు పూజితను తీసుకుని ఏర్పేడు చేరారు. ఆమె కాలేజీ హాస్టల్ వంటింట్లో అంట్లు తోమేది. అతను వాచ్‌మన్. నాలుగేళ్లు అట్లా గడిచాక అతని కాళ్లు వాచాయి, తిన్నది తిన్నట్టే కక్కేశాడు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. రోజుకు రెండు గ్లాసుల నీళ్లు, అంతే. అతని నోట్లోంచి ఉచ్చకంపు వచ్చేది. పక్కన పడుకుంటూ ఆమె ఆ వాసనకు మొహం అటు తిప్పుకునేది, తిప్పుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టేది. ఆ రంగునీళ్ల వల్లేనా అని డాక్టరును అడిగింది. చెప్పలేమన్నాడు. ఏళ్ల తరబడి బీపీకి మందు వాడకపోయినా ఇట్లాగే అవుతుందన్నాడు.

ఆమె రక్తం సరిపోయింది. మిగిలింది కాగితాలు. ఆసుపత్రి కమిటీ ముందు కూర్చోబెట్టి, మొగుడూ పెళ్లాలని రుజువేమిటని అడిగారు. పెళ్లి గుడిలో జరిగింది, రిజిస్టరు చేయలేదు. ఫోటోలు చెదలు తినేశాయి. ఆధార్‌లో ఆమె పేరు పక్కన ఇంకా తండ్రి పేరే ఉంది.

"కిడ్నీలు అమ్మేవాళ్లను పెండ్లామని తెస్తా ఉండారమ్మా. అందుకే అడిగేది. పెండ్లి చూసినోళ్ల చేత సంతకాలు పెట్టించి రిజిస్టరు చేయించుకోని రా" అన్నాడు అక్కడి గుమాస్తా.

మొగుడికి చెప్పకుండా ఆమె నగరి బస్సెక్కింది. రాజారత్నం వసారాలో టిఫిన్ తింటున్నాడు. మెట్టు కిందే నిలబడమని చేత్తో సైగ చేశాడు.

"మామా, నా పెండ్లిలో తాళి పళ్లెం పట్టుకోని అందరికాడికీ తిరిగింది నువ్వే గదా. ఆ మాట కాగితం మీద రాసిస్తే సాలు."

"ఉండచ్చు. గెవనం లేదు" అన్నాడతను, ఏమీ గుర్తులేనట్టు. సాంబారులో ఇడ్లీ పిసికి నోట్లో పెట్టుకున్నాడు. "మీ ఆయన్ను ముందర ఆ కేసు తీసేసుకోమను. అప్పుడు గెవనం వస్తుందేమో సూస్తాం."

అతని మీసాల మీద సాంబారు. దాన్ని నాలుకతో తీసుకుంటూ ఆమెనే చూస్తున్నాడు. చౌడేశ్వరమ్మకు నోట్లో నీళ్లూరాయి, కక్కు వచ్చే ముందు ఊరే నీళ్లు. వెనక్కి తిరిగి బస్టాండుకు వచ్చేసింది.

అక్కడ పూలమ్మే భారతమ్మ ఆమెను గుర్తుపట్టింది. వేరే కులం మనిషి, వెలితో పనిలేదు. పక్కన కూర్చోబెట్టుకుని సోడా తాగించి, సంగతంతా విన్నది.

"మీ పెండ్లికి మాలలు కట్టింది నేనే గదంటే పాపా. నాదస్వరం ఊదినాయన ఇంకా బతికే ఉండాడు, డోలు ఆయనా ఉండాడు. మేం ముగ్గురం సూడలేదా ఏంది?"

ఆ ముగ్గురూ రిజిస్టరు ఆఫీసుకు వచ్చి వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. కాగితం చేతికొచ్చింది. నెలన్నరకు ఆపరేషన్ జరిగింది. మరుసటి రోజు నర్సు వచ్చి, కుప్పయ్య సంచీ నిండా ఉచ్చ పోశాడని పండగ కబురులా చెప్పింది. చౌడేశ్వరమ్మ ఎడమ డొక్క పట్టుకుని నవ్వబోయి, కుట్లు లాగి ఏడ్చింది.

మూడు నెలల తర్వాత ఏర్పేడులో వాళ్ల ఇంటి ముందు కారు ఆగింది. రాజారత్నం, ఇంకో ఇద్దరు పెద్దలు, వెనకాల కెమెరా మనిషి. చేతిలో జరీ శాలువా. భర్తకు ప్రాణమిచ్చిన కులసతికి సన్మానం చేస్తారట, ఫోటో సంఘం క్యాలెండరులో వేస్తారట. ఇంటిమీద వెలి కూడా ఎత్తేస్తారట.

"ఏముండాదప్పా, పెద్దల కాళ్లకు మొక్కి, కేసు వద్దని ఒక ముక్క రాసిస్తే అయిపాయ. నీ వీధికి నువ్వు రావచ్చు" అన్నాడు రాజారత్నం.

కుప్పయ్య కళ్లు తడిశాయి. మూతికున్న మాస్కు కిందికి లాగి, నడుం వంచాడు. అతని చేతులు రాజారత్నం చెప్పుల దాకా పోయాయి.

ఆమెకు రాజారత్నం మీద పుట్టింది పాత రోతే. మొగుడి మీద పుట్టింది కొత్తది, దానికి ఆమె సిద్ధంగా లేదు.

"లెయ్యి" అంది. "నాది ఒకటి నీ కడుపులో ఉండాది. దాన్ని ఈయన కాళ్ల మీద పెట్టొద్దు."

అతను సగంలో ఆగిపోయాడు. శాలువా కప్పబోయిన చేతిని ఆమె పక్కకు నెట్టింది. "తాళి కట్టింది నీకు గెవనం లేదంటివే మామా. మరి నేనెవురి పెండ్లామని సన్మానం?"

వాళ్లు వెళ్లిపోయాక కుప్పయ్య నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. "ఊరికి పోనీకుండా చేసినావు" అని ఒక్కసారి గోడతో అన్నాడు. ఆమె వేళకు మాత్రలు ఇచ్చింది, కాచిన నీళ్లు పెట్టింది, పక్క మాత్రం వేరే వేసుకుంది.

కేసు వాయిదా రోజు ఇద్దరూ చిత్తూరు బస్సెక్కారు. అతనేం చెప్తాడో ఆమెకు తెలియదు, అడగలేదు. జడ్జి సెలవు. వాయిదా మళ్లీ రెండు నెలలు పోయింది. రాజీ కాగితం ఉందని విన్నానే, ఇస్తావా అని కోర్టు గుమాస్తా అడిగితే కుప్పయ్య మాస్కు కిందికి లాగాడు.

"లేద్సార్. కేసు ఉంటాది" అన్నాడు.

తిరుగు బస్సులో అతను నిద్రలో ఆమె భుజం మీదికి ఒరిగాడు. ఎడమవైపు కుట్ల దగ్గర ఇంకా సలపరిస్తుండటంతో ఆమె లేచి, కుడి భుజం అతని వైపు వచ్చేట్టు రెండో పక్కకు మారి కూర్చుంది. అతను చెప్పింది మంచి మాటేనని ఆమెకు తెలుసు. కానీ చెప్పుల దాకా పోయిన ఆ చేతులు ఇంకా ఆమె కళ్లముందు నుంచి పోలేదు.